టర్న్‌స్పిట్: పనితో పాటే పోయిన కుక్క

1780లో ఎడ్మండ్ బర్క్ బ్రిటిష్ పార్లమెంటులో రాజుగారి కొలువులో జరిగే దుబారా మీద ఒక సుదీర్ఘ ప్రసంగం చేశాడు. ఖర్చులు తగ్గిద్దామని పూనుకున్న ఒక ప్రభువు ఎందుకు ఓడిపోయాడో అందులో చెప్తాడు: రాజుగారి వంటింట్లో టర్న్‌స్పిట్ సాక్షాత్తూ పార్లమెంటు సభ్యుడట! జీతం తీసుకుంటూ పేరుకు మాత్రమే ఉన్న ఉద్యోగాల మీద వేసిన చురక అది. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను. డిక్షనరీ తీస్తే రెండు అర్థాలు కనిపించాయి. మంట మీద మాంసం గుచ్చిన చువ్వని తిప్పే మనిషి ఒకటి. అదే పని చేసే కుక్క రెండోది.

స్పిట్ అంటే ఇక్కడ ఉమ్మి కాదు, పొడవాటి ఇనుప చువ్వ. పెద్ద మాంసం ముక్క అన్ని వైపులా సమంగా కాలాలంటే దాన్ని గంటల తరబడి ఆపకుండా తిప్పాలి. ఆ సెగ ముందు కూర్చుని తిప్పే పని మొదట్లో వంటింటి కుర్రాళ్ళది. తర్వాత ఇంగ్లండ్‌లో ఆ పనికి కుక్కని పెట్టారు. పొయ్యికి దగ్గర్లో గోడ మీద ఎత్తుగా ఒక చెక్క చక్రం. దాని లోపల పొడుగు ఒళ్ళు, పొట్టి వంకర కాళ్ళు ఉన్న ఒక కుక్క. అది నడుస్తుంటే చక్రం తిరుగుతుంది, చక్రానికి కట్టిన తాడో గొలుసో చువ్వని తిప్పుతుంది. కుక్క ఎంత నడిచినా ఉన్నచోటే ఉంటుంది.

జాన్ కీస్ అనే వైద్యుడు 1570లో ఇంగ్లండ్ కుక్కల గురించి లాటిన్‌లో ఒక చిన్న పుస్తకం రాశాడు. 1576లో ఏబ్రహాం ఫ్లెమింగ్ దాన్ని ఇంగ్లీషు చేశాడు. ఈ కుక్కలు ఎంత శ్రద్ధగా పని చేస్తాయంటే, వంటింటి పనివాడెవడూ ఇంతకంటే నేర్పుగా చెయ్యలేడని మెచ్చుకుంటాడు అందులో. మెచ్చుకుంటూనే దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాడో చూడండి. వేటకుక్కలకి పై వరస. టర్న్‌స్పిట్‌కి చిట్టచివర, ఊరకుక్కలతో పాటు చోటు. పనికి మెప్పు దొరికింది గానీ హోదా దొరకలేదు.

మనిషికీ కుక్కకీ మధ్య ఈ గీత ఎంత పల్చనిదో షేక్‌స్పియర్‌కి తెలుసు. ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’లో డ్రోమియో అనే సేవకుడు, వెంటపడుతున్న వంటమనిషిని మంత్రగత్తె అనుకుని హడలిపోతాడు. తనని తోక తెగిన కుక్కగా మార్చేసి చక్రంలో తిప్పించేదే అని అతని భయం. అప్పటి ప్రేక్షకులు నవ్వే ఉంటారు. కానీ సేవకుడి నోట ఆ మాట వింటే నాకు నవ్వు సగంలోనే ఆగిపోతుంది. మనకీ గానుగెద్దు ఉంది కదా. ఎద్దునీ అంటాం, ఆఫీసులో అరిగిపోతున్న మనిషినీ అంటాం.

బాత్ నగరం గురించి ఒక కథ చెప్పుకుంటారు. చలికి కాళ్ళు వెచ్చగా ఉంటాయని జనం ఈ కుక్కల్ని చర్చికి తీసుకొచ్చేవారట. ఒకరోజు బిషప్పు ప్రసంగంలో ‘చక్రం’ అనే మాట వినబడగానే కుక్కలన్నీ తోక ముడిచి గుమ్మం వైపు పరిగెత్తాయట. నిజమో కల్పనో గానీ, ఆ కుక్కకి ఏ మాట గుండెల్లో గుబులు పుట్టిస్తుందో ఆ కథ కట్టినవాళ్ళకి బాగా తెలుసు.

తర్వాత బరువుల సాయంతో తిరిగే యంత్రాలు, పొగగొట్టంలో పైకి లేచే వేడిగాలితో తిరిగే స్మోక్-జాక్‌లు వంటిళ్ళలోకి వచ్చాయి. వాటికి తిండి అక్కర్లేదు, అలసట లేదు. 1900 నాటికి టర్న్‌స్పిట్ జాతి మాయమైపోయింది.

అయితే పని పోవడం ఒక్కటే దీనికి కారణమా? రిట్రీవర్ అంటే పడ్డ వేటని వెతికి తెచ్చేది. పాయింటర్ అంటే వేట ఎక్కడుందో చూపించేది. టెర్రియర్ పేరులో నేల ఉంది, బొరియల్లో దూరే పని దానిది. ఇవన్నీ పని పేర్లే. వీటిలో ఇప్పుడు చాలావాటికి ఆ పని లేదు, సోఫాల మీద పడుకుంటున్నాయి. తేడా ఏమిటంటే, వేటకుక్కలు దొరల పక్కన నడిచాయి. 1859లో న్యూకాసిల్‌లో కుక్కల ప్రదర్శన పెట్టినప్పుడు పోటీకి దిగినవి పాయింటర్లు, సెట్టర్లు. 1873లో కెన్నెల్ క్లబ్ పుట్టింది, వంశవృక్షాలు రాసుకున్నారు. వంటింట్లో చక్రం తిప్పిన కుక్కకి వంశవృక్షం ఎవరు రాస్తారు? దాన్ని దాని పనికోసమే తప్ప దానికోసం పెంచినవాళ్ళు పెద్దగా లేరు.

వేల్స్‌లోని ఆబర్గవెనీ మ్యూజియంలో ‘విస్కీ’ అనే టర్న్‌స్పిట్‌ని గడ్డి కూరి అద్దాల పెట్టెలో ఉంచారు. మిగిలింది అదొక్కటే అంటారు. విల్ట్‌షర్‌లోని లేకాక్ గ్రామంలో ఒక పాత సత్రంలో చక్రం ఇప్పటికీ ఉంది.

నా ఉద్యోగం మనుషులు చేత్తో చేసే పనుల్ని ప్రోగ్రాములకి అప్పజెప్పడం. అంటే ఈ కథలో నేను స్మోక్-జాక్ వైపు మనిషిని. స్మోక్-జాక్ తప్పని నేననను. ఆ చక్రంలోంచి కుక్కకి విడుదల దొరకడం మంచిదే. కానీ విడుదలైన కుక్క ఎక్కడికి వెళ్ళిందని ఎవరూ అడిగినట్టు లేదు. పని పేరే తన పేరైన ప్రాణికి ఆ పని పోయాక ఏ పేరు మిగులుతుంది? మెడలో వేలాడే ఐడీ కార్డు మీద నా పేరు కింద నా పని పేరు కూడా ఉంది. ఈమధ్య దాన్ని కొంచెం ఎక్కువసేపే చూస్తున్నాను.