గర్భిణులు చేపలు మానేయాలా? అక్కర్లేదు.. కానీ సొర పుట్టు విషయంలో జాగ్రత్త! డాక్టర్లు ఏం చెబుతున్నారంటే..

నెల్లూరు జిల్లాలో చేప వండని ఇల్లు అరుదు. నెల్లూరు నుంచి కావలి వైపు హైవే మీద వచ్చే కొడవలూరు, దాని పక్కనే సముద్రం వైపు ఉన్న విడవలూరు, అల్లూరు ప్రాంతాల్లో అయితే సముద్రం చేప, చెరువు చేప, గుంటల్లో పెంచిన రొయ్య.. మూడూ దొరుకుతాయి. అలాంటి చోట ఇంట్లో కూతురో, కోడలో నెల తప్పిందంటే ముందుగా వచ్చే ప్రశ్న ఇదే.. "చేపలు పెట్టొచ్చా?"

ఇక్కడే రెండు పొరపాట్లు జరుగుతున్నాయి. కొన్ని ఇళ్లలో "వేడి చేస్తుంది" అంటూ తొమ్మిది నెలలూ చేపలు, రొయ్యలు పూర్తిగా మాన్పిస్తారు. కాన్పు అయ్యాక మాత్రం "పాలు బాగా పడతాయి" అంటూ బాలింతకు సొర చేప పుట్టు పెడతారు. డాక్టర్ల సలహా దీనికి దాదాపు రివర్స్‌లో ఉంటుంది. చేపలు మానొద్దు.. ఏ చేప తినాలో మాత్రం చూసుకోవాలి. వద్దనాల్సిన జాబితాలో మొదట ఉండేది సొరే.

చేప ఎందుకు తినాలి?

చేపలో మంచి ప్రొటీన్‌తో పాటు అయోడిన్, విటమిన్ బి12, విటమిన్ డి ఉంటాయి. ముఖ్యంగా డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఉంటుంది. కడుపులో బిడ్డ మెదడు, కళ్లు ఎదగడానికి ఇది కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత ఉన్నట్టు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. అలాంటప్పుడు అందుబాటులో ఉన్న బలమైన ఆహారాన్ని అపోహతో వదులుకోవడం నష్టమే. అలాగని చేపలు తింటున్నాం కదా అని ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆపకూడదు.

మరి భయం దేనికి?

సమస్య పాదరసం. గాల్లోంచి, ఫ్యాక్టరీల వ్యర్థాల నుంచి నీళ్లలోకి చేరిన పాదరసాన్ని సూక్ష్మజీవులు మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. దాన్ని నాచు, పురుగులు తీసుకుంటాయి. వాటిని చిన్న చేప, చిన్న చేపను పెద్ద చేప తింటాయి. మెట్టు ఎక్కేకొద్దీ విషం మోతాదు పెరుగుతుంది. అందుకే ఎక్కువ ఏళ్లు బతికి, మిగతా చేపల్ని వేటాడి తినే పెద్ద చేపల్లోనే పాదరసం ఎక్కువగా ఉంటుంది.

ఇది తల్లి రక్తంలోంచి మాయ దాటి బిడ్డకు చేరుతుంది. ఎదుగుతున్న మెదడు మీద ప్రభావం చూపుతుంది. పుట్టిన తర్వాత మాటలు, జ్ఞాపకశక్తి, ఏకాగ్రత లాంటి వాటిలో తేడా రావచ్చు. జపాన్‌లోని మినమాటాలో 1956లో ఈ ప్రమాదం ప్రపంచానికి తెలిసింది. ఫ్యాక్టరీ వదిలిన పాదరసం సముద్రంలో కలిసింది. ఆ చేపలు తిన్న కొందరు తల్లులకు పెద్దగా లక్షణాలు లేకపోయినా పిల్లలు మాత్రం తీవ్రమైన మెదడు లోపాలతో పుట్టారు. మన బజారులో దొరికే చేపను దాంతో పోల్చి భయపడాల్సిన పనిలేదు. కానీ తల్లికి ఏమీ కానంత మాత్రాన బిడ్డకు ఏమీ కాదనుకోకూడదని నేర్పింది ఆ ఘటనే.

ఇంకో విషయం. పాదరసం కండలోనే ఉంటుంది. ఉప్పు, పసుపు వేసి ఎన్నిసార్లు కడిగినా, చింతపండు పులుసులో ఎంతసేపు మరిగించినా పోదు.

ఏవి తినొచ్చు? ఏవి వద్దు?

నిశ్చింతగా తినదగ్గవి: నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు లాంటి చిన్న సముద్రపు చేపలు. చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి, తిలాపియా. బాగా ఉడికించిన రొయ్యలు, పీతలు. రొయ్యల్లో పాదరసం తక్కువే. వాటితో ఎలర్జీ ఉన్నవాళ్లు మాత్రం దూరంగా ఉండాలి.

మితంగా తినాల్సినవి: వంజరం. కింగ్ మాకెరెల్ అనే చేపను గర్భిణులు అసలు తినొద్దని అమెరికా ఎఫ్‌డీఏ చెబుతోంది. మన వంజరం దానికి దగ్గరి చుట్టమే. అందుకే పెద్ద వంజరం ముక్కలు వద్దు. తినాలనిపిస్తే చిన్న సైజు చేపది, వారానికి ఒక్కసారి, ఆ వారం వేరే చేప లేకుండా తినడం మేలు. సూర అని పిలిచే ట్యూనాకూ ఇదే జాగ్రత్త. కొరమీను కూడా వేట చేపే కాబట్టి మరీ పెద్దది కాకుండా మధ్యరకం తీసుకోవాలి.

పూర్తిగా వద్దనేవి: సొర, కత్తిలా పొడుగు ముక్కు ఉండే పెద్ద చేపలు. ఈ రెండు రకాలూ వద్దని అమెరికా ఎఫ్‌డీఏతో పాటు బ్రిటన్ ఎన్‌హెచ్ఎస్ కూడా చెబుతోంది.

ఎంత తినాలి?

పాదరసం తక్కువగా ఉండే చేపలైతే వారానికి 225 నుంచి 340 గ్రాముల వరకు తినొచ్చని ఎఫ్‌డీఏ లెక్క. అంటే పూటకు 110 గ్రాముల చొప్పున వారానికి రెండు మూడుసార్లు. రోజూ ఒకే చేప కాకుండా మార్చి మార్చి తినడం మంచిది.

బాలింతకు సొర పుట్టు.. ఏం చేయాలి?

ఇది పెద్దవాళ్లు ప్రేమతో చేసి పెట్టేది. కాదంటే అత్తమ్మకో, అమ్మమ్మకో మనసు నొచ్చుకుంటుంది. కానీ సొర తింటే పాలు పెరుగుతాయనడానికి గట్టి ఆధారం లేదు. బిడ్డ తరచూ చనుబాలు తాగేకొద్దీ పాలు పడతాయి. తల్లి కడుపునిండా తినడం, సరిపడా నీళ్లు తాగడం, నిద్రపోవడం కూడా ముఖ్యం.

"మేమందరం తిన్నాం, మాకేమైంది?" అనే మాట వస్తుంది. నిజమే, పుట్టుకు వాడే పాల సొర చిన్న రకం, పెద్ద సొరలంత పాదరసం ఉండకపోవచ్చు. కానీ బజారులో ముక్కలు కోసి పెట్టాక అది ఏ సొరో, ఎంత పెద్దదో గుర్తుపట్టడం కష్టం. మాయ ద్వారా వెళ్లినంత కాకపోయినా తల్లిపాల ద్వారా కూడా కొంత పాదరసం బిడ్డకు చేరుతుంది. అందుకే పుట్టు మానక్కర్లేదు, చేప మారిస్తే చాలు. కానాగంతలు లేదా తిలాపియా ఉడికించి, ముళ్లు జాగ్రత్తగా తీసేసి, అదే వెల్లుల్లి, మిరియాలతో పుట్టు చేసుకోవచ్చు. పథ్యం పథ్యంలాగే ఉంటుంది, బిడ్డకూ క్షేమం.

తెలియక ఇప్పటికే ఒకట్రెండుసార్లు సొర తిన్నవాళ్లు కంగారు పడొద్దు. ఇకపై ఆపేసి, చెకప్‌కు వెళ్లినప్పుడు డాక్టరుకు చెబితే సరిపోతుంది. పాలివ్వడం మాత్రం ఆపకూడదు.

గర్భం రాకముందు నుంచే..

ఒంట్లో చేరిన మిథైల్ మెర్క్యురీ సగానికి తగ్గడానికే సుమారు 50 నుంచి 70 రోజులు పడుతుంది. అంటే నెల తప్పాక మానేస్తే ఆలస్యమైనట్టే. పిల్లల కోసం ప్లాన్ చేసుకుంటున్నప్పుడే, కొన్ని నెలల ముందు నుంచే సొర లాంటివి ఆపేయాలి.

చేప కొనేటప్పుడు, వండేటప్పుడు..

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. మరబోట్లు కదలవు. ఆ రోజుల్లో సముద్రపు చేప అని అమ్మేది చాలావరకు దూరం నుంచి ఐసులో వచ్చిందో, నిల్వ ఉన్నదో అయి ఉంటుంది. అప్పుడు గర్భిణులకు దగ్గర్లోని చెరువు చేపే మేలు.

కళ్లు ఉబ్బుగా, మెరుస్తూ ఉండాలి. మొప్పలు ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి రావాలి. మందుల వాసన వస్తే కొనొద్దు. 2018లో కేరళలో ఫార్మాలిన్ కలిపిన చేపలు భారీగా పట్టుబడ్డాయి.

కానాగంతలు, కవళ్లు, ట్యూనా లాంటివి ఐసు లేకుండా ఎండలో ఉంటే వాటిలో హిస్టమిన్ తయారవుతుంది. వండినా అది పోదు. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడటం, నోరు మంట, గుండె దడ, వాంతులు వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

పచ్చి చేప, సగం ఉడికిన చేప ముట్టుకోవద్దు. ముక్క తెల్లబడి, గరిటెతో తాకితే పొరలుగా విడిపోయేదాకా ఉడకాలి.

ఇక నెల్లూరు చేపల పులుసు సంగతి. రాత్రి చేసింది తెల్లారి తింటేనే రుచి అంటారు. కానీ గర్భిణులు తినాలంటే పులుసు వండిన రెండు గంటల్లోపే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున పొగలు వచ్చేదాకా బాగా మరిగించాలి. ఫ్రిజ్ లేకపోతే ఆ పూటదే తినాలి.

ఎండు చేపల్లో ఉప్పు చాలా ఎక్కువ. బీపీ ఉన్న గర్భిణులు వాటికి దూరంగా ఉండటం మంచిది. కాడ్ లివర్ ఆయిల్ క్యాప్సూల్స్‌లో విటమిన్ ఎ ఎక్కువ. అది బిడ్డకు హాని చేయొచ్చు కాబట్టి సొంతంగా కొని వేసుకోవద్దు.

ఎవరిని అడగాలి?

ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. వారానికి ఎన్నిసార్లు, ఏ చేపలు తింటున్నారో ఆ రోజు డాక్టరుకు చెప్పండి. బీపీ, షుగర్, థైరాయిడ్, ఎలర్జీ లాంటివి ఉంటే ఎవరికి ఏది సరిపోతుందో వాళ్లే చెబుతారు. వీలైతే ఇంట్లో వంట చేసే పెద్దామెను కూడా వెంట తీసుకెళ్లండి. కోడలు చెబితే వినని మాట, డాక్టరు చెబితే వింటారు!