రొదను ఆపింది ఏది? బ్యాలెన్స్‌డ్ లైన్ చరిత్ర

బ్యాలెన్స్‌డ్ లైన్ గురించి పాఠాల్లో తరచూ కనిపించే వివరణ ఒకటే: రెండు తీగల్లో సిగ్నల్ ఎదురెదురు పోలారిటీల్లో వెళ్తుంది, అవతల ఒకదాన్ని తిరగేసి కలిపితే రొద పోతుంది. ఇది అబద్ధం కాదు, కానీ సగమే. ఆ సగం జ్ఞానంతోనే అన్‌బ్యాలెన్స్‌డ్ పరికరాలను బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లకు తప్పుగా కలుపుతున్నాం.

తొలి కథ తెలిసిందే. మొదట్లో టెలిఫోన్లు ఒకే తీగతో, భూమినే రెండో తీగగా చేసుకుని నడిచాయి. రొద భరించలేక జంట తీగలకు మళ్లారు. మెలిపెట్టిన జంటకు గ్రాహంబెల్ 1881లో పేటెంటు పొందాడు. ట్రాన్స్‌ఫార్మర్లతో పాటు ఆ పద్ధతి రేడియో స్టేషన్లకు చేరింది. ఇళ్లలోని పరికరాలకు చవకైన, అన్‌బ్యాలెన్స్‌డ్ ఆర్‌సీఏ ప్లగ్గు సరిపోయింది.

వివాదమంతా 1970ల తర్వాతి కాలం మీదే. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ల స్థానంలో ఆప్-ఆంప్‌లు (ఐసీ యాంప్లిఫయర్లు) వచ్చాయి, హమ్ (గుయ్‌మనే రొద) ఫిర్యాదులూ పెరిగాయి. తప్పంతా ట్రాన్స్‌ఫార్మర్ తీసేయడానిదే అన్నవారున్నారు. అందులో కొంత నిజముంది: మంచి ట్రాన్స్‌ఫార్మర్ ముందు సాధారణ ఆప్-ఆంప్ ఇన్‌పుట్ తేలిపోతుంది. అయితే 1995 జూన్ ఏఈఎస్ (ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ) పత్రికలో నీల్ మన్సీ ఇంకో కారణం చూపాడు. బ్యాలెన్స్‌డ్ లైన్లకు వాడే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టరులో 1వ పిన్నును చాసిస్‌కు కాక సర్క్యూట్ బోర్డు గ్రౌండుకు కలపడంతో షీల్డు మీది కరెంటు నేరుగా సర్క్యూట్లోకి చొరబడుతోంది. అదే సంచికలో బిల్ విట్‌లాక్, రొద పోవడానికి సిగ్నల్ సౌష్ఠవం అక్కర్లేదని, రెండు తీగలకూ గ్రౌండుతో ఉన్న ఇంపీడెన్స్ సమానంగా ఉంటే చాలని వివరించాడు.

వైరింగులో ఈ తేడా కళ్లకు కడుతుంది. సీడీ ప్లేయర్ నుంచి మిక్సర్‌కు టూ-కోర్ షీల్డ్ వైరు వాడాలి. 2వ పిన్ను వైరు ఆర్‌సీఏ ప్లగ్గు మధ్య మొనకు, 3వ పిన్ను వైరూ షీల్డూ ప్లేయర్ వైపు ప్లగ్గు గ్రౌండుకు సోల్డర్ చేయాలి. 1, 3 పిన్నులను ఎక్స్‌ఎల్‌ఆర్ దగ్గరే కలిపేస్తే షీల్డు మీది హమ్ సిగ్నల్‌తో కలిసిపోతుంది. ఎదురు దిశలో, అంటే బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ నుంచి అన్‌బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌కు, ఒకే సూత్రం పనికిరాదు: ట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌పుట్ అయితే 3వ పిన్నును గ్రౌండు చేయాల్సిందే, రెండు ఆప్-ఆంప్‌ల మామూలు అవుట్‌పుట్ అయితే దాన్ని వదిలేయాలి, లేకుంటే ఒక ఆప్-ఆంప్ షార్టవుతుంది.

ప్రమాణాలకు నేడు లోటు లేదు. 2వ పిన్ను పాజిటివ్ అని 1992లో, షీల్డు చాసిస్‌కే వెళ్లాలని 2005లో ఏఈఎస్ తేల్చింది. ఆచరణే వెనకబడింది. 1, 3 పిన్నులను ఎక్స్‌ఎల్‌ఆర్ లోపలే కలిపేసిన రెడీమేడ్ కేబుళ్లు ఇంకా అమ్ముడుపోతున్నాయి. నా దృష్టిలో అది మంచి ఇన్‌పుట్‌ను చేజేతులా చెడగొట్టుకోవడమే. హమ్ వస్తే ముందు ఆ కనెక్టరు విప్పి చూడండి, అప్పటికీ తగ్గకపోతే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. పవర్ ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం తీయకండి. అది మైకు పట్టుకున్న మనిషి ప్రాణానికి రక్షణ.