జొన్నల్లో తీర్చిన అప్పు

స్త్రీల చరిత్ర అనగానే మనకి ఉద్యమాలు, సభలు, పుస్తకాలు గుర్తొస్తాయి. పద్దులు గుర్తుకు రావు. డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి చేతికొచ్చింది, దాన్నెలా ఖర్చు పెట్టాలో ఎవరు తేల్చారు అన్నవి ఆర్థికశాస్త్రం ప్రశ్నలని వదిలేస్తాం. వాతావరణ మార్పుని ఎదుర్కొనే ‘ప్రజా భాగస్వామ్య’ ప్రాజెక్టులకి నిధులివ్వాలని ఇంతమంది మాట్లాడుతున్నప్పుడు నాకు జహీరాబాద్ ప్రాంతపు దళిత స్త్రీల పాత పద్దొకటి తిరగేయాలనిపిస్తుంది.

1983లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైంది. ఆకలి తీర్చిన పథకమే, కాదనను. కానీ వరి పండని మెట్ట నేలల్లో దానికి ఇంకో ముఖం ఉంది. చౌక బియ్యం ఇంటికొచ్చాక జొన్నకి ఆదరణ తగ్గింది. పేదల చేతిలో ఉన్న రాళ్ల చెలకలు బీళ్లుపడ్డాయి. చేను బీడైతే కూలి పోతుంది, పశువులకి మేత పోతుంది, విత్తనం పోతుంది. విత్తనం దాచేది ఆడవాళ్లు కాబట్టి దానితో పాటు ఇంట్లో వాళ్ల మాటకున్న బరువూ తగ్గుతుంది.

అదే 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో ఊరూరా ఏర్పడిన మహిళా సంఘాలు, 1990ల మధ్యలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ముందు ఒక ప్రతిపాదన పెట్టాయి. బియ్యం బయటి నుంచి తేవడానికి బదులు, మా బీళ్లు సాగులోకి తెచ్చుకోడానికి డబ్బివ్వండి అన్నదే దాని సారాంశం. డబ్బొచ్చింది. ముప్పై దాకా ఊళ్లలో రెండున్నర వేల ఎకరాలకి పైగా నేల మళ్లీ దున్నారు. దున్నకానికి, ఎరువుకి, కలుపుకి ఇచ్చిన ఆ డబ్బుని రైతులు కొన్నేళ్ల పాటు జొన్నల రూపంలో తీర్చారు. ఆ గింజలు ఊళ్లోనే నిల్వచేశారు. వానాకాలం మొదట్లో, ఇంట్లో గింజలు నిండుకునే రోజుల్లో, వాటిని పేద కుటుంబాలకి చౌకగా అమ్మారు. అమ్మగా వచ్చిన సొమ్ము మళ్లీ ధాన్య నిధిలోకే వెళ్లింది. ఎవరు ఎంత పేదవాళ్లో తేల్చింది రేషన్ కార్డు కాదు. ఊరి మధ్య అందరి ఎదుట కూర్చుని సంఘం స్త్రీలు తేల్చారు.

ఈ పద్దులో ‘వాతావరణం’ అన్న మాట లేదు. 1992లో రియోలో వాతావరణ ఒడంబడిక మీద దేశాలు సంతకాలు చేశాయి, 1997లో క్యోటో ఒప్పందం వచ్చింది. ఆ మధ్య కాలంలోనే ఈ స్త్రీలు బోరు నీళ్లు, రసాయన ఎరువులు అడగని జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది ఒకే చేలో కలిపి వేస్తున్నారు. ఒకటి ఎండితే ఇంకొకటి నిలుస్తుందని వాళ్ల లెక్క. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ సంఘాలకి వచ్చింది. వాతావరణ మార్పుకి ప్రకృతి ఆధారంగా స్థానికులు చూపిన పరిష్కారాలకి ఆ ఏడు ఇచ్చిన బహుమతి అది. మొత్తం 10,000 డాలర్లు. పేరు పెట్టేసరికి పాతికేళ్లు పట్టింది.

నిధులిచ్చే వ్యవస్థలు చూడాల్సింది ఇక్కడే అనుకుంటాను. 2003 నుంచి 2016 వరకు అంతర్జాతీయ వాతావరణ నిధులు కేటాయించిన డబ్బులో స్థానిక పనులకి ఉద్దేశించింది పదో వంతు కంటే తక్కువని 2017లో ఒక అధ్యయనం తేల్చింది. 2021లో స్థానికుల నాయకత్వం గురించి ఎనిమిది సూత్రాలు ప్రకటించారు. నిర్ణయాలు కింది స్థాయిలో జరగాలి, డబ్బు దీర్ఘకాలం నిలకడగా అందాలి అన్నవి అందులో ఉన్నాయి. ధాన్య నిధి నడిపిన స్త్రీలకి ఇవి కొత్త సంగతులు కావు. మూడేళ్ల ప్రాజెక్టుతో నేల సారం తిరిగిరాదని వాళ్లకి అనుభవంతోనే తెలుసు.

అయితే ఈ కథని పొగిడి ఊరుకోవడం కూడా నాకు ఇబ్బందిగానే ఉంది. ‘ప్రకృతిని కాపాడే తల్లులు’ అని కీర్తిస్తూ స్త్రీల చేత ఉచితంగా చాకిరీ చేయించుకోవడం మనకి తెలియనిది కాదు. విత్తనాలు ఏరడం, ఆరబెట్టడం, బూడిదా వేపాకూ కలిపి గాదెల్లో దాచడం, ఇవన్నీ పని. నిధి లెక్కల్లో ట్రాక్టరుకి అద్దె ఉంటుంది, అధికారి ప్రయాణానికి భత్యం ఉంటుంది. విత్తనం దాచిన చేతికి కూలి గడి ఉండదు. భూమి పట్టా ఎవరి పేరున ఉందో అడిగే గడి కూడా చాలా దరఖాస్తుల్లో ఉండదు. పట్టా లేకపోతే బాగుచేసిన నేల మీద నిర్ణయం రేపు ఎవరిది?

తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీల అనుభవాల్ని స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చినప్పుడు, చరిత్రకి ఆధారం ఏమిటన్న ప్రశ్నే మారిపోయింది. జహీరాబాద్ స్త్రీలు ఒకడుగు ముందే ఉన్నారు: కెమెరాలు పట్టుకున్నారు, 2008 నుంచి మాచ్నూరులో సంఘం రేడియో నడిపారు. తమ గురించి తామే చెప్పుకున్నారు. వాతావరణ నిధుల చరిత్ర రాసేవాళ్లు ముందుగా వినాల్సింది ఆ గొంతుల్ని. నిధుల నివేదికలు మాత్రం వాళ్లని ఇంకా ‘లబ్ధిదారులు’ అనే రాస్తాయి. తీసుకున్న అప్పుని గింజల్లో తీర్చి, ఊరికి తిండి పెట్టినవాళ్లని ఆ మాటతో పిలవడం మానడం, మన రాతల్లోనైనా, మన చేతిలో పనే.