పండితుని ఇల్లు, పంతులు బడి

రావులపాలెం నుంచి పడమటగా గోదావరి వాసిష్ఠ పాయ దాటితే సిద్ధాంతం వస్తుంది. దానికి చేరువలోని ఖండవల్లిలో 1867లో జన్మించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం రాజమహేంద్రవరంలో చాలాకాలం ఉపాధ్యాయుడిగా పనిచేసి, 1920 ప్రాంతంలో ‘గణపతి’ నవలను వెలువరించారు. చదువు సరిగా అబ్బని ఒక పేద బ్రాహ్మణుడు వీధిబడి పంతులు కావడం, ఆ వంశంలోని పేదరికం, పెళ్లి కోసం పడే తిప్పలు దీనిలోని ఇతివృత్తం. తెలుగు హాస్య నవలల్లో తొలితరానికి చెందిన ఈ రచన నవ్వించే కథగానే ప్రసిద్ధి పొందింది. అయితే గోదావరి పాయలైన గౌతమికీ వాసిష్ఠకూ నడుమ పండితుల ఇళ్లలో విద్య, వివాహం, సంతానం అనే మూడూ విడదీయరాని ఒకే ఏర్పాటుగా శతాబ్దాలపాటు నడిచాయని, వాటిలో ఒకటి సడలితే మిగిలినవీ సడలుతూ వచ్చాయని గుర్తించినప్పుడే ఆ నవల చరిత్రకారునికి ఎంతటి ఆధారమో తెలుస్తుంది.

జాతీయ రహదారి, జొన్నాడ వంతెన, అరటి మార్కెట్టు నేటి రావులపాలేనికి గుర్తింపు తెచ్చాయి. వంతెనలు లేని రోజుల్లో రేవు పడవలే ఆధారమైన ఈ ప్రాంతంలో పండితులకు దానంగా ఇచ్చిన గ్రామాలు, అంటే అగ్రహారాలు, విద్యకు నెలవులుగా ఉండేవి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ విద్యపై వివరాలు కోరగా కలెక్టర్లు పంపిన నివేదికల్లో, వేదశాస్త్రాలు బోధించే ఉన్నత విద్యాస్థానాలు అన్ని జిల్లాల కంటే రాజమండ్రి జిల్లాలోనే ఎక్కువగా, 279 ఉన్నట్లు, వాటిలో 1,454 మంది చదువుతున్నట్లు నమోదైంది. లెక్క చూస్తే ఒక్కొక్క గురువుకు ఐదారుగురు విద్యార్థులే వస్తారు కనుక, ఇవి భవనాలూ తరగతులూ గల కళాశాలలు కావనీ, చాలావరకు గురువు ఇల్లే పాఠశాలగా ఉండేదనీ భావించడం సమంజసం.

అటువంటి ఇంట్లో చదువుకునే పిల్లవాడు వారాలు చేసుకునేవాడు, అంటే వారంలో ఒక్కొక్క రోజు ఒక్కొక్క ఇంట భోంచేసేవాడు. లేదా ఇంటింటా వండిన అన్నం యాచించి తెచ్చుకునే మధూకరంతో గడుపుకునేవాడు. కొన్నిచోట్ల గురుపత్నే అన్నం పెట్టేది. మన్రో కాలపు పట్టికల్లో గురువుల సంఖ్య ఉంది, శిష్యుల సంఖ్య ఉంది, కాని ఎవరి చాకిరీ మీద ఆ చదువు నిలిచిందో ఆ ఇల్లాలి ఊసు లేదు. ఈ లోపాన్ని చిన్నదిగా చూడడం న్యాయం కాదు. శ్రౌతకర్మలు, అంటే వేదోక్తమైన యజ్ఞాలు, నిర్వహించడానికి ఇంట అగ్నులను ప్రతిష్ఠించుకున్న ఆహితాగ్నికి భార్య లేనిదే అధికారం లేదు. పెళ్లి కుదరడమంటే అటువంటి పండితుని వృత్తికి అర్హత లభించడమే.

ఈ కారణంగానే పిల్లలు లేకపోవడం పండితుని ఇంట రెండింతల లోటుగా పరిణమించింది. పితృకర్మలు చేసే కొడుకూ లేడు, తండ్రి నోటినుంచి వేదం అందుకునే విద్యార్థీ లేడు. నింద మాత్రం భార్యపైనే పడేది. సంతానం పేరు చెప్పి భర్త మరొక పెళ్లి చేసుకోవడాన్ని శాస్త్రం అనుమతించింది, సమాజం సమర్థించింది. ముసలివాళ్లు పసిపిల్లలను పెళ్లాడే దురాచారాన్ని కందుకూరి వీరేశలింగం ‘బ్రాహ్మవివాహం’ ప్రహసనంలో ఎండగట్టినప్పుడు ఆయన దృష్టిలో ఉన్నది ఇలాంటి లోకమే. ప్రహసనమంటే దోషాన్ని నవ్వు పుట్టించి బయటపెట్టే చిన్న నాటకం.

రెండో పెళ్లి వద్దనుకున్నవారికి దత్తత ఉంది. కన్న తల్లిదండ్రులు బంధువుల ఎదుట పిల్లవాణ్ణి ఇవ్వడం, పెంచుకునేవారు స్వీకరించడం ఇందులో ప్రధానమైన తంతు. బ్రాహ్మణ కుటుంబాల్లో దత్తహోమం కూడా జరిగి, బాలుని గోత్రం మారేది. చెల్లెలి కొడుకునూ కూతురి కొడుకునూ దత్తత తీసుకోరాదని శాస్త్రగ్రంథాలు చెప్పినా దక్షిణాదిలో ఆచారం అందుకు ఒప్పుకుంది, మద్రాసు హైకోర్టు 1885లో ఆ ఆచారాన్ని మన్నించింది. ఏకైక పుత్రుణ్ణి దత్తత ఇవ్వవచ్చా అన్న ప్రశ్న బలుసు ఇంటిపేరు గల కుటుంబపు వ్యాజ్యంలో లండన్ ప్రీవీ కౌన్సిలు దాకా వెళ్లింది. ఒకసారి జరిగిపోయిన అటువంటి దత్తత చెల్లుతుందని 1899లో తీర్పు వచ్చింది. అల్లుణ్ణే ఇంట నిలుపుకునే ఇల్లరికం వ్యవసాయ కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే మరొక మార్గం. వీటన్నిటికంటే విశేషమైనది మితాక్షర అనే ధర్మశాస్త్ర గ్రంథంలోని వారసత్వ క్రమం. సంతానం గాని, జ్ఞాతులు గాని, బంధువులు గాని లేనివాని ఆస్తి అతని ఆచార్యునికి, ఆయన లేకపోతే శిష్యునికి, అతడూ లేకపోతే సహాధ్యాయికి చెందుతుందని ఆ గ్రంథం చెబుతుంది. రక్తసంబంధం తరువాత విద్యాసంబంధాన్ని వారసత్వంగా గుర్తించిన ఈ నియమం పండితుని ఇంటి స్వభావాన్ని మరే వర్ణన కంటే స్పష్టంగా చూపుతుంది.

ఈ ఏర్పాటును కుదిపినది గోదావరి నీరే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక రైతుల చేతిలో డబ్బు నిలిచింది. వాసిష్ఠ అవతలి నరసాపురం ప్రాంతంలో సబ్ కలెక్టరు జి.ఎన్. టేలర్ 1850లలో ప్రోత్సహించగా గ్రామస్థులు తమపై తాము పన్ను వేసుకుని బడులు నడుపుకున్నారు. రాజమహేంద్రవరంలో ఇంగ్లీషు చదువు స్థిరపడి, ఉద్యోగాలు దాని వెంట నడిచాయి. మిగిలింది వీధిబడి. అరుగుమీద కూర్చుని ఇసుకలో ఓనమాలు దిద్దించి, ఎక్కాలు వల్లె వేయించి, తప్పు చేసినవాణ్ణి తాడుకు వేలాడదీసే కోదండం వంటి కఠిన శిక్షలు విధించే పంతులుకు నెలజీతమంటూ లేదు. పిల్లలు తెచ్చే బియ్యం, దసరా రోజుల్లో విల్లంబులు పట్టించి వాళ్లను ఇంటింటికీ తిప్పితే వచ్చే మామూళ్లు ఆయనకు జీవనాధారాలు. పాండిత్యం అడుగంటినా గౌరవం కోసమూ పొట్టకోసమూ ఆ వృత్తిని అంటిపెట్టుకున్న మనిషే గణపతి. కన్యాశుల్కం, అంటే వధువు తండ్రికి చెల్లించే సొమ్ము, ఇవ్వలేని పేదవాడికి పెళ్లి దుర్లభమైన కాలంలో అతనికి చదువు లేకపోవడమూ, అతని వివాహయత్నాలూ వేర్వేరు కథలు కావు. చిలకమర్తి స్వయంగా బోధకుడు కావడంవల్ల బడిలోని వెలితిని లోపలినుంచి చూశారు. మొరటుదనాన్ని దాచకుండా రాసినా ఆ పేదరికం పట్ల ఆయనకు గల దయ నవల పొడవునా నిలిచింది.

సంతానలేమికి మరొక సమాధానం రాజమహేంద్రవరంలోనే రూపుదిద్దుకుంది. పిల్లలు లేని వీరేశలింగం, రాజ్యలక్ష్మి దంపతులు వితంతు వివాహాలు జరిపించి, ఆశ్రయం లేనివారిని చేరదీశారు. 1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి తమ ఆస్తిని దానికి అప్పగించారు. తెలుగు పండితుడిగా జీవితం గడిపిన వ్యక్తి ఆస్తి ఆ విధంగా విద్యాసంస్థలకు చేరింది.

1956లో వచ్చిన రెండు చట్టాలు ఈ చరిత్రలో ఒక ఘట్టాన్ని ముగించాయి. దత్తత చట్టం ఆడపిల్లను కూడా పెంచుకునే హక్కు ఇచ్చి, భార్య సమ్మతి లేకుండా భర్త దత్తత తీసుకోరాదని నిర్ణయించింది. వారసత్వ చట్టం కూతురికి తండ్రి స్వార్జితంలో కొడుకుతో సమానమైన వాటా ఇచ్చింది. అదే చట్టం రూపొందించిన వారసుల పట్టికలో ఆచార్యుడు, శిష్యుడు, సహాధ్యాయి అనే పేర్లు లేవు. బంధువులెవరూ లేనివాని ఆస్తి ఇక ప్రభుత్వానికే చెందుతుంది.