విసిరే గొడ్డలి కథ



పరశురాముడు తన గొడ్డలిని సముద్రంలోకి విసిరితే, నీళ్లు వెనక్కు తగ్గి నేల బయటపడిందనీ, ఆ నేలే కేరళ అనీ ఒక కథ వున్నది. మీలో చాలామంది వినే వుంటారు. గొడ్డలి వున్నది కట్టె కొట్టడానికి గదా, విసరడమేమిటి అంటారేమో! కథ మాట అటుంచండి. గొడ్డలి విసరడం నిజంగానే ఒక విద్యగా సాగిన దేశాలున్నవి. ఆ చరిత్ర వింటే మన ఇంటి గొడ్డలికి పనికివచ్చే సంగతి ఒకటి దొరుకుతుంది.

సుమారు పదిహేను వందల యేళ్ల కిందట, ఇప్పటి ఫ్రాన్సు, బెల్జియం, జర్మనీ ప్రాంతాల్లో ఫ్రాంకులు అనే జాతివారు వుండేవారు. వారి గొడ్డలికి ఫ్రాన్సిస్కా అని పేరు. 539లో వారు ఇటలీ మీదికి దండెత్తిన సంగతిని ప్రొకోపియస్ అనే చరిత్రకారుడు రాశాడు. వారిలో ఎక్కువమంది కాలిబంట్లు. ఒక్కొక్కరి దగ్గర కత్తి, డాలు, పొట్టి కామ గల గొడ్డలి వుండేవి. సంజ్ఞ కాగానే అందరూ ఒక్కుమ్మడిగా గొడ్డళ్లు విసిరేవారు. ఆ దెబ్బకు ఎదుటివారి డాళ్లు పగిలేవి. డాలు పోయినవాణ్ణి కత్తితో కొట్టడం ఎంతసేపు?

ఆ గొడ్డలికి రెండువైపులా పదును వుండేదని ప్రొకోపియస్ రాశాడు. కాని తవ్వకాల్లో దొరికిన ఫ్రాన్సిస్కాలకు పదును ఒకవైపే వున్నది. పుస్తకం ఒకటి చెబితే నేల మరొకటి చెబుతుందన్నది మనకు కొత్త గాదు! 1653లో బెల్జియంలోని టూర్నే పట్టణంలో ఫ్రాంకుల రాజు చిల్డెరిక్ సమాధి బయటపడింది. అందులో బంగారంతోపాటు గొడ్డలి కూడా వున్నది. కొలిమిలో పుట్టిన పనిముట్టుకు ఎంతటి గౌరవం దక్కిందో చూడండి.

ఇక అమెరికా సంగతి. అక్కడి ఆదివాసుల గొడ్డలిని టామహాక్ అంటారు. ఈ మాట వర్జీనియా తీరపు ఆదివాసుల భాష నుంచి వచ్చింది. యూరపు వర్తకులు ఇనుప గొడ్డళ్లు ఇచ్చి, వారి దగ్గర జంతువుల తోళ్లు తీసుకునేవారు. సినిమాల్లో టామహాక్‌ను ఎప్పుడూ విసురుతూనే చూపిస్తారు. కాని పోరాటంలో దాన్ని ఎక్కువగా చేతపట్టే వాడేవారు. విసిరితే చేయి ఖాళీ అవుతుంది గదా! ఇరోక్వాయ్ తెగలవారి సంప్రదాయంలో, సంధి కుదిరినప్పుడు ఆయుధాలను శాంతి వృక్షం కింద పాతిపెట్టారని చెబుతారు.

ఇప్పుడు గొడ్డలి విసరడం యుద్ధవిద్య గాదు, ఆట. కెనడాలోని టొరంటోలో 2006లో ఒక ఇంటి పెరట్లో మొదలైన ఈ ఆట పోటీల దాకా పెరిగింది. చిన్న గొడ్డలిని సుమారు 12 అడుగుల దూరం నుంచి చెక్కపలక మీదికి విసురుతారు. గాలిలో అది ఒక్క చుట్టు తిరిగి, పదును ముందుకు వచ్చే వేళకు పలకను తాకాలి. ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగి నిలబడితే కామ తగిలి గొడ్డలి కింద పడుతుంది. విసిరేవారి ముందు ఎవ్వరూ నిలబడరాదన్నది ఆటలో మొదటి నియమం.

మరి ఇంత వేగంగా తిరిగినా గొడ్డలి కామ నుంచి ఊడిపోదేమి? ఇదే మనకు కావలసిన సంగతి. టామహాక్ బెజ్జం పైన వెడల్పుగా, కింద ఇరుకుగా వుంటుంది. మన పికాసుకు లాగే కామను పైనుంచి దూర్చి కిందికి లాగుతారు. కాబట్టి విసిరేకొద్దీ బిగుస్తుందే గాని వదులు కాదు. మన గొడ్డళ్లలో చాలావాటికి కామను కిందనుంచి ఎక్కించి, పైన చీల కొడతాం. ఆ చీల ఊడితే గొడ్డలికి ఆధారం లేదు.

ఒక వూళ్లో నేను కళ్లారా చూశాను. ఒక పెద్దాయన చింతమొద్దు చీలుస్తుండగా గొడ్డలి ఊడి, పాక గుంజలో దిగబడింది. ఆ గుంజకు మూరెడు దూరంలో ఆయన మనుమడు కూర్చుని వున్నాడు. “రాత్రే నీళ్లలో నానబెట్టాను, బిగిసిందనుకున్నాను బాబూ,” అన్నాడాయన. చేతులు వణుకుతూనే వున్నవి.

నానబెడితే కర్ర ఉబ్బి బిగిసినట్లుంటుంది. బెజ్జంలో నలిగిన ఆ కర్ర ఎండగానే మునుపటి కంటె వదులవుతుంది. ఆ బిగువు ఒక్కపూటదే. కాబట్టి కామ వదులైతే కొత్త చీల కొట్టించండి. పగిలితే ఎండిన తుమ్మకర్రతో కొత్త కామ వేయించండి. మొదటి వేటుకు ముందు గొడ్డలిని ఒకసారి కుదిపి చూడండి. ఎదుటా వెనకా పిల్లలు లేకుండా చూసుకోండి.

ఫ్రాంకులు గొడ్డలిని కావాలని విసిరారు. మన గొడ్డలి మనకు తెలియకుండా ఎగరకూడదు.