అంకెల హారము

సికింద్రాబాదునుండి వాడి పోవు రైలుమార్గమున మల్ఖేడ్ రోడ్డు అను స్టేషనున్నది. ఆ మల్ఖేడే రాష్ట్రకూటుల రాజధానియైన మాన్యఖేటము. అమోఘవర్ష నృపతుంగుని కాలమున, క్రీ. శ. 850 ప్రాంతమున, మహావీరాచార్యుడు సంస్కృతమున 'గణితసారసంగ్రహము' రచించెను.

అందొక లెక్క: 142857143ను 7చేత గుణింపవలెను. మేమును వేసి చూచితిమి. లబ్ధము 1000000001. ఎటునుండి చదివినను ఒక్కటే. ఆచార్యుడు దీనిని రాజకంఠమందలి హారముతో పోల్చెను. గణితమున హారమనగా భాజకము గూడ గదా!

ఈ సంఖ్యను 7 నిశ్శేషముగా భాగించునని గుణింపకయే తెలిసికొనవచ్చును. కుడినుండి మూడేసి అంకెలుగా విడదీసి, ఒక భాగమును కూడుచు మరొకదానిని తీసివేయుచు పోవుదము: 1 - 0 + 0 - 1. మిగిలినది సున్న. 7, 11, 13ల లబ్ధము 1001 కనుక ఈ పరీక్ష ఆ మూడింటికిని చెల్లును.

ఈ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మూలమందలి జైన ప్రస్తావనలకు మారుగా శైవపరమైనవి కూర్చెను. శాస్త్రమును తెలుగున చెప్పుట సాధ్యమా యని నేటికిని కొందరు సందేహింతురు. వారికి మల్లన శతాబ్దుల క్రిందటనే బదులు చెప్పియున్నాడు.