గుంటూరులో పదిహేడు రోజుల గ్రహణం

విభవ నామ సంవత్సరం, శ్రావణ బహుళ అమావాస్య, మంగళవారం. ఇంగ్లీషు లెక్కలో 1868 ఆగస్టు 18. ఆ ఉదయం గుంటూరు మీద సూర్యుడికి సంపూర్ణ గ్రహణం పట్టింది. ఐదు నిమిషాలకు పైగా పట్టపగలే చీకటి. ఆ చీకటి కోసమే పియర్ జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పారిస్ నుంచి సముద్రాలు దాటి వచ్చాడు. అప్పటికి అతనికి నలభై నాలుగేళ్లు. చిన్నప్పుడు జరిగిన ప్రమాదంలో కాలు దెబ్బతిని జీవితమంతా కుంటుతూనే నడిచిన మనిషి. ఆ కాలితోనే పెరూ వెళ్లాడు, ఆల్ప్స్ కొండలెక్కాడు, చివరికి మన గుంటూరు చేరాడు.

హీలియం గుంటూరులోనే బయటపడిందని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ మాటలో నిజం సగమే. నా దృష్టిలో గుంటూరులో జరిగింది అంతకంటే పెద్ద సంగతి. ఆ సంగతి వల్లే హీలియం తర్వాత మనిషికి దొరికింది.

పట్టకం గుండా వెళ్లిన తెల్లని వెలుగు రంగులుగా విడిపోతుందని న్యూటన్ కాలానికే తెలుసు. 1814లో ఫ్రౌన్‌హోఫర్ అనే జర్మన్ కటకాల నిపుణుడు సూర్యకాంతిని మరింత నిశితంగా విడదీసి చూస్తే ఆ రంగుల పట్టీకి అడ్డంగా వందలాది సన్నటి నల్ల గీతలు కనిపించాయి. అవేమిటో తేలడానికి మరో నలభై అయిదేళ్లు పట్టింది. 1859లో హైడెల్‌బర్గ్‌లో కిర్కాఫ్, బున్సెన్ అనే శాస్త్రవేత్తలు ఆ గుట్టు విప్పారు. ఒక్కో మూలకానికి సొంత గీతలుంటాయి. పలచని వాయువు వేడెక్కి వెలిగితే ఆ గీతలు మెరుస్తూ వస్తాయి. వెనక ప్రచండమైన వెలుగుండి, ముందు అంతకంటే చల్లటి వాయువు అడ్డుగా ఉంటే, అవే చోట్ల నల్లగా పడతాయి. ఇక దాదాపు తొమ్మిది కోట్ల ముప్ఫై లక్షల మైళ్ల దూరంలో ఉన్న సూర్యుడిలో ఏముందో ఇక్కడ కూర్చునే చదవవచ్చు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. సంపూర్ణ గ్రహణ వేళ చంద్రుడి నల్లని బింబం చుట్టూ ఎర్రటి నాలుకలు కనిపించేవి. 1860లో స్పెయిన్‌లో తీసిన ఫొటోలతో అవి చంద్రుడివి కావు, సూర్యుడివేనని తేలింది. కానీ ఆ నాలుకలు ఏ పదార్థం? మబ్బులా, మంటలా, కొండలా? వెలుగును సన్నటి చీలిక గుండా తీసుకుని రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోప్‌ను గ్రహణం వేళ వాటి మీదికి తిప్పితే తప్ప జవాబు రాదు. 1868 గ్రహణం అందుకు గొప్ప అవకాశం. దాని నీడ ఏడెన్ దగ్గర నుంచి హిందూదేశాన్ని అడ్డంగా దాటి సయాం వైపు పోయింది. ఆ దారిలో చీకటి చాలాసేపు నిలుస్తుంది.

మబ్బులు పట్టే పడమటి కనుమలకు దూరంగా, సముద్రపు తేమకు కొంత ఎడంగా ఉందని జాన్సెన్ గుంటూరును ఎంచుకున్నాడు. అప్పటి గుంటూరు పత్తి వ్యాపారానికి పెద్ద కేంద్రం. ఫ్రెంచి వర్తకులూ ఉండేవారు. వారిలో లెఫాషర్ అనే ఆయన తన ఇంట్లో జాన్సెన్‌కు చోటిచ్చాడు. దుర్భిణులన్నీ ఆ ఇంటిలోనే అమర్చాడు. అదే ఊళ్లో బ్రిటిష్ బృందం కూడా విడిది చేసింది. దాని నాయకుడు మేజర్ టెన్నెంట్ ఫొటోల మీద దృష్టి పెట్టాడు. మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. ఆ వేధశాలలోనే పనిచేస్తున్న చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్లారు. అంతకుముందు ఏడాదే ఆకాశంలో వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక చంచల నక్షత్రాన్ని గుర్తించిన ఖగోళజ్ఞుడాయన. తెలుగునేల మీద మూడు చోట్ల ఒకే ఉదయం ఒకే సూర్యుడికి గురిపెట్టిన పరికరాలు! ఈ గ్రహణం కథల్లో గుంటూరు పేరొక్కటే వినిపించడం, వనపర్తి పేరు జారిపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఆ వేళ గుంటూరు ఆకాశంలో మబ్బులున్నాయి. అయినా అసలు ఘడియకు బింబం చూడ్డానికి వీలైంది. సూర్యుడు పూర్తిగా మూసుకుపోగానే ఆ ఎర్రటి నాలుకలు రెండు పెద్ద జ్వాలలుగా బయటపడ్డాయి. వాటిలో ఒకటి కొమ్ములా పైకి లేచింది. పది భూగోళాలను ఒకదాని మీద ఒకటి పేర్చినా అందనంత ఎత్తని టెన్నెంట్ ఫొటోల వల్ల తేలింది. జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్ చీలికను ఆ జ్వాలల మీదికి తెచ్చాడు. రంగుల పట్టీ లేదు. నల్లటి నేపథ్యం మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా రంగుల్లో విడివిడిగా ఐదారు గీతలు మెరిశాయి. అంటే జ్వాల వెలిగే వాయువే. ఎరుపు, నీలం గీతలు హైడ్రోజన్‌వి. ఏళ్ల తరబడి తేలని ప్రశ్న నిమిషాల్లో తేలిపోయింది.

మిగతావాళ్లకు అక్కడితో పని అయిపోయింది. ఆ గీతల తేజస్సు చూసి జాన్సెన్‌కు మాత్రం వేరే ఆలోచన తట్టింది. ఇంత వెలుగున్న గీతలు గ్రహణం లేని రోజు ఎందుకు కనిపించకూడదు? ఆ సాయంత్రం దాకా మబ్బు వదల్లేదు. మర్నాడు, ఆగస్టు 19న, తెల్లవారగానే దుర్భిణి ముందు కూర్చున్నాడు.

మామూలు రోజుల్లో జ్వాలలు కనబడకపోవడానికి కారణం అవి మసకగా ఉండటం కాదు. సూర్యకాంతి మన గాలిలో చెదిరి బింబం చుట్టూ మిరుమిట్లు గొలుపుతుంది. ఆ మెరుపులో జ్వాల మునిగిపోతుంది. అయితే ఆ చెదిరిన వెలుగులో రంగులన్నీ ఉన్నాయి. పట్టకాలు పెంచి ఎంత సాగదీస్తే అది అంత పొడవునా పరుచుకుని పలచబడుతుంది. జ్వాల వెలుగంతా నాలుగైదు గీతల్లోనే ఇమిడి ఉంది. దాన్ని ఎంత సాగదీసినా గీతల మధ్య ఎడం పెరుగుతుందే గాని గీత పలచబడదు. పుట్టెడు ధాన్యం కల్లమంతా ఆరబోస్తే పొర పలచనవుతుంది, అందులో పడ్డ ఇనపగుండు మాత్రం గుండుగానే ఉంటుంది. జాన్సెన్ చేసిందల్లా ఆ ధాన్యాన్ని పలచగా పరచడమే.

చీలికను సగం సూర్యబింబం మీద, సగం అంచు బయట ఉండేలా నిలిపాడు. బింబం వైపు ఎప్పటిలాగే రంగుల పట్టీ, ఎరుపు భాగంలో హైడ్రోజన్ నల్ల గీత. ఆ నల్ల గీత బింబం అంచు దాటగానే అదే వరసలో ధగధగలాడే ఎర్రగీతగా కొనసాగింది. గ్రహణం లేదు, చీకటి లేదు, గుంటూరు మీద ఎండ కాస్తోంది. జ్వాల కంటి ముందుంది. చీలికను కొంచెం కొంచెంగా జరుపుతూ పోతే ఎర్రగీత పొడవు పెరిగీ తరిగీ జ్వాల రూపురేఖలు చూపించింది. కొద్దిసేపట్లోనే ఆ రూపం మారిపోవడం కూడా గమనించాడు. అంతదాకా ఎప్పుడో ఒకసారి దొరికే నిమిషాల కోసం లోకం చుట్టేవారు. ఇప్పుడు ఏ ఎండపూటైనా చాలు. గుంటూరులో అతను ఇలా పదిహేడు రోజులు జ్వాలలను చూశాడు. తనకు పదిహేడు రోజుల గ్రహణం దక్కినట్టేనని చెప్పుకున్నాడు కూడా.

సెప్టెంబరు 19న కాకినాడ నుంచి పారిస్ సైన్స్ అకాడమీకి ఉత్తరం రాశాడు. సూయజ్ కాలువ ఇంకా తెరవని రోజులు. ఉత్తరం నెలకు పైగా ప్రయాణం చేసింది. ఈలోగా ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే యుద్ధశాఖ గుమాస్తా గ్రహణం చూడకుండానే అదే పద్ధతి సొంతంగా ఆలోచించి, ఆలస్యంగా చేతికొచ్చిన పరికరంతో అక్టోబరు 20న జ్వాలల గీతలు పట్టుకున్నాడు. ఇద్దరి కబుర్లూ అక్టోబరు 26న అకాడమీ ఒకే సమావేశం ముందుకు వచ్చాయి. గౌరవం ఇద్దరికీ సమంగా దక్కింది. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం వాళ్లిద్దరి బొమ్మలతో ఒక పతకం వేయించింది.

ఇక ఆ పసుపు గీత. గ్రహణం రోజు దాన్ని చూసినవాళ్లు చాలామందే. అది సోడియం ఇచ్చే ‘డి’ గీత అనే ఎక్కువమంది అనుకున్నారు. అక్కడో, దాని పక్కనో అన్న సందిగ్ధం మచిలీపట్నంలో పోగ్సన్ రాతలో కనిపిస్తుంది. అతన్ని తప్పు పట్టడానికి లేదు. సోడియం గీతలు 589 నానోమీటర్ల దగ్గరున్నాయి, ఇది 587.6 దగ్గరుంది. చేయి వణికే ఆ ఐదు నిమిషాల్లో అంత చిన్న తేడా తూకం వేయడం అసాధ్యం. పగటి వెలుగులో, తీరిగ్గా, మళ్లీ మళ్లీ కొలవగలిగితేనే తేడా తేలుతుంది. ఆ వీలు కల్పించింది గుంటూరు పద్ధతే. లాకియర్ కొలిచి, ఇది సోడియం కాదని తేల్చి, ‘డి3’ అని పేరు పెట్టాడు. రసాయనవేత్త ఫ్రాంక్‌లాండ్‌తో కలిసి హైడ్రోజన్‌తో ఎన్ని ప్రయోగాలు చేసినా ఆ గీత రాలేదు. భూమ్మీద లేని మూలకమేదో సూర్యుడిలో ఉందన్న అనుమానం అలా మొదలైంది. సూర్యుడి గ్రీకు పేరుతో ‘హీలియం’ అన్నారు. 1895లో రామ్సే అనే రసాయనవేత్త లండన్‌లో యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేసి, వచ్చిన వాయువును వెలిగిస్తే అదే పసుపు గీత మెరిసింది. అప్పటికి గుంటూరు గ్రహణం పట్టి విడిచి ఇరవై ఏడేళ్లు.

జాన్సెన్ అక్కడితో ఆగే మనిషి కాదు. 1870 డిసెంబరులో ప్రష్యన్ సేన పారిస్‌ను ముట్టడించి ఉండగా, పరికరాలతో సహా బెలూన్ ఎక్కి శత్రువుల నెత్తి మీదుగా బయటపడి మరో గ్రహణం కోసం ఆల్జీరియాలో ఒరాన్ చేరాడు. గ్రహణం రోజు మబ్బు కమ్మేసింది. మరుసటి ఏడాది డిసెంబరు 12 గ్రహణానికి మళ్లీ మన దేశానికే వచ్చి నీలగిరుల్లో కాచుకున్నాడు. ఈసారి అతని గురి సూర్యుడి చుట్టూ పలచని వెలుగుగా కనిపించే కరోనా మీద. జ్వాలలకు పనికొచ్చిన ఉపాయం కరోనాకు పనికిరాదు. దాని వెలుగులో అధికభాగం గీతల్లో ఇమడదు, ఆకాశపు వెలుగులాగే రంగులన్నిటా పరుచుకుని ఉంటుంది. సాగదీస్తే రెండూ కలిసే పలచబడతాయి. కరోనాను గ్రహణం లేకుండా చూడటం 1930లో పిరనీస్ శిఖరం మీద బెర్నార్ లియో అనే యువకుడికి సాధ్యపడింది. దుర్భిణి లోపలే సూర్యబింబాన్ని చిన్న పళ్లెంతో మూసి, చెదిరే వెలుగును శ్రద్ధగా అణచి సాధించాడు. అతను పనిచేసింది పారిస్ శివార్లలోని మ్యూడాన్ వేధశాలలో. గుంటూరు నుంచి తిరిగి వెళ్లాక జాన్సెన్ స్థాపించిన వేధశాల అదే.